మౌత్ ఆర్గాన్‌లో మధ్యమం ఎక్కడ?

పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ చేతికొస్తే ఎవరైనా మొదట చేసే పని ఒకటే: ఎడమ చివర పెదాలు ఆనించి సరిగమలు వెతకడం. ఒకటో రంధ్రంలో ఊదితే స. అదే రంధ్రంలో గాలి లోపలికి పీలిస్తే రి. రెండో రంధ్రంలో ఊదితే గ. దారి దొరికిందనుకుంటాం. ఆ లెక్కన రెండో రంధ్రంలో పీలిస్తే మ పలకాలి. పలకదు. పంచమం పలుకుతుంది. మూడో దాంట్లో ఊదినా మళ్లీ అదే పంచమం. పీలిస్తే ని. నాలుగో దాంట్లో ఊదేసరికి పై షడ్జం వచ్చి కూర్చుంటుంది. మధ్యమం, ధైవతం రెండూ గల్లంతు.

వాద్యంలో లోపమేమీ లేదు. ఇంకోటి కొన్నా ఇదే తంతు. అయితే కర్ణాటక సంగీతంతో కాస్త పరిచయమున్న చెవికి ఈ ఖాళీల్లోనే ఒక తమాషా వినిపిస్తుంది. స రి గ ప ని స అంటే హంసధ్వని. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు రూపుదిద్దారని చెప్పే రాగం, ‘వాతాపి గణపతిం’ కీర్తన నడిచే రాగం. జర్మనీలోనో జపాన్‌లోనో తయారైన వాద్యం ఎడమ చివర నాలుగు రంధ్రాల్లో ఆ రాగం స్వరాలు ఒక్కటి ఎక్కువా తక్కువా కాకుండా అమరి ఉన్నాయి. కుడి చివరకు పోతే స రి గ మ ప ధ స దొరుకుతాయి, నిషాదం ఉండదు. అది కాంభోజి ఆరోహణ. నడిమి రంధ్రాల్లో మాత్రమే ఏడు స్వరాలూ నిండుగా ఉండి శంకరాభరణం పలుకుతుంది. రాగమంటే ఉత్త స్వరాల జాబితా కాదని, గమకాలూ సంచారాలూ లేనిదే అది రాగం కాదని సంగీతజ్ఞులు అంటారు. నిజమే. ఇక్కడ మనకు కావలసింది జాబితానే.

ఇలా మూడు స్థాయిలకు మూడు వేర్వేరు వరుసలు ఎందుకు పెట్టినట్టు? నచ్చకపోతే మార్చుకోవచ్చా? మార్చుకుంటే బదులుగా పోయేదేమిటి?

మౌత్ ఆర్గాన్లలో రకాలున్నాయి. పక్కన మీట నొక్కితే పన్నెండు స్వరస్థానాలూ పలికే క్రోమాటిక్ ఒకటి. ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు కలిసి వణుకుతూ పలికే ట్రెమలో ఒకటి. ఈ వ్యాసంలో మన సంగతంతా అరచేతిలో ఇమిడే పది రంధ్రాల డయటోనిక్ గురించే. ఒకే శ్రుతిలోని ఏడు స్వరాలకు కట్టుబడి ఉండే వాద్యం కాబట్టి అమరిక మార్చాలన్న ఆశ దీని దగ్గరే ఎక్కువ.

పెట్టె 1: పది రంధ్రాలు, ఇరవై రీడ్లు

> ఎడమ నుంచి కుడికి, 1 నుంచి 10 వరకు:
>
> ఊదితే: స గ ప – స గ ప – స గ ప – స
>
> పీలిస్తే: రి ప ని రి మ ధ ని రి మ ధ
>
> ‘సి’ శ్రుతి మౌత్ ఆర్గాన్‌లో, అంటే మన గాయకుల లెక్కలో ఒకటో శ్రుతిలో, మొదటి రంధ్రంలోని స సెకనుకు సుమారు 262 సార్లు కంపిస్తుంది. పదో రంధ్రంలోని స దానికి సరిగ్గా ఎనిమిది రెట్లు. మూడు స్థాయిల ఎత్తు అంతా నాలుగు అంగుళాల పొడవులో సర్దారు.

తోడు కోసం వదులుకున్న స్వరాలు

ఈ అమరికకు రిక్టర్ ట్యూనింగ్ అని పేరు. 19వ శతాబ్దంలో బొహీమియాలో ఉండిన ఒక వాద్యాల తయారీదారు పేరు మీద వచ్చిందంటారు. జర్మనీలో ట్రోసింగెన్ అనే ఊళ్లో గడియారాలు చేసే మథియాస్ హోనర్ 1857లో మౌత్ ఆర్గాన్ల తయారీ మొదలుపెట్టాడు. ఆ సంస్థ 1896లో తెచ్చిన ‘మెరైన్ బ్యాండ్’ నమూనాతో ఈ అమరిక ప్రపంచమంతా పాకింది.

అప్పటి జర్మన్ పల్లెపాటలకు, నాట్యాల బాణీలకు తోడుగా రెండు స్వరగుచ్ఛాలుంటే చాలావరకు పని జరిగిపోయేది. ఒకటి స-గ-ప. రెండోది ప-ని-రి. మొదటిది పాట స్థిమితపడే చోటు, రెండోది అక్కడికి తిరిగి రమ్మని లాగే చోటు. ఇప్పుడు ఎడమవైపు రంధ్రాలు చూడండి. 1 నుంచి 4 వరకు ఎక్కడ నోరు పెట్టి ఊదినా స-గ-ప తప్ప ఇంకేమీ పలకదు. పీలిస్తే ప-ని-రి తప్ప ఇంకేమీ పలకదు. నాలుకతో కొన్ని రంధ్రాలు మూసి కుడివైపు పాట వాయిస్తూ, మధ్యమధ్య నాలుక తీస్తే ఎడమవైపు నుంచి తోడు దానంతటదే వస్తుంది. సంగీతం రానివాడి చేతిలో కూడా అపస్వరం పలకని వాద్యం చేయాలనుకున్నారు, చేశారు.

ఈ సౌకర్యం కోసమే మధ్యమాన్నీ ధైవతాన్నీ వదులుకున్నారు. ఎడమవైపు కూడా రి, మ, ధ, ని వరుసగా పీల్చే రీడ్లుగా పెట్టి ఉంటే సరిగమలు చక్కగా వచ్చేవి. పీల్చినప్పుడల్లా మాత్రం రి-మ-ధ-ని కలగాపులగంగా మోగేవి. పాటకు కావలసినదాన్ని తోడు కోసం త్యాగం చేసిన వాద్యమిది.

నడిమి స్థాయిలో ఇంకో చిక్కుంది. ఊదడానికి స, గ, ప మూడే స్వరాలు. పీల్చడానికి రి, మ, ధ, ని నాలుగు. మూడు రంధ్రాల్లో నాలుగు ఇమడవు. అందుకే నిషాదం పక్క రంధ్రంలోకి జరుగుతుంది. 4, 5, 6 రంధ్రాల్లో పీల్చే స్వరం ఊదే స్వరం కంటే పైన ఉంటే, 7వ రంధ్రం నుంచి తిరగబడి, ఊదేది పైన, పీల్చేది కింద అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ తిరగబడటం గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

ఇత్తడి నాలుక శ్రుతి ఎలా పట్టుకుంటుంది?

మౌత్ ఆర్గాన్ పైకప్పు విప్పితే ఒక ఇత్తడి పలక, దానికి బిగించిన సన్నని ఇత్తడి నాలుకలు కనిపిస్తాయి. అవే రీడ్లు. ఒక్కోదాని ఒక చివర పలకకు రివెట్‌తో బిగించి ఉంటుంది, రెండో చివర స్వేచ్ఛగా ఉంటుంది. రీడు కింద అదే ఆకారంలో చీలిక ఉంటుంది. గాలి ఒత్తిడి రీడును చీలికలోకి నెడుతుంది, దారి మూసుకుంటుంది. రీడు తన బిగువుతో వెనక్కి వస్తుంది, దారి తెరుచుకుంటుంది. ఇలా సెకనుకు వందలసార్లు గాలి ప్రవాహం తెగుతూ అతుకుతూ ఉంటే ఆ తెంపులే మనకు స్వరంగా వినిపిస్తాయి. మన నాటక సమాజాల హార్మోనియంలో ఉన్నదీ ఇదే రీడు. అక్కడ గాలి తిత్తి చేసే పని ఇక్కడ ఊపిరితిత్తులు చేస్తాయి.

శ్రుతిని నిర్ణయించేవి రెండు: ఊగే కొసకున్న బరువు, బిగించిన మొదలుకున్న బిర్రు. ఇంట్లోనే చూడొచ్చు. స్టీలు స్కేలును బల్ల అంచున సగం బయటికి పెట్టి, మొదలు గట్టిగా నొక్కిపట్టి, కొస మీటండి. తర్వాత కొసకు చిన్న పిండి ముద్ద అంటించి మీటండి, ఊపు నెమ్మదిస్తుంది. రీడు కూడా అంతే. కొసన గీరి బరువు తగ్గిస్తే శ్రుతి పైకి పోతుంది. మొదట్లో, రివెట్ దగ్గర, గీరి బిర్రు తగ్గిస్తే శ్రుతి కిందికి దిగుతుంది. హార్మోనియం బాగుచేసేవాళ్లు చేసేదీ ఇదే పని. ఎక్కువ దించాలంటే గీరడం కంటే కొసన చుక్కంత సీసం అతికించడం మేలు, ఎందుకంటే మొదలు పలచబడిన రీడు తొందరగా విరుగుతుంది.

అంటే అమరిక మార్చడానికి కర్మాగారం అక్కర్లేదు. సన్నని ఆకురాయి, రీడు కింద పెట్టడానికి పలచని ఉక్కు రేకు, ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్, కాస్త ఓపిక ఉంటే చాలు. ఓపిక అన్నది ఊరికే కాదు. గీరిన వెంటనే చూపించే శ్రుతిని నమ్మకూడదు. రాపిడికి వేడెక్కిన ఇత్తడి చల్లబడ్డాక శ్రుతి కొంచెం జరుగుతుంది. ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూడాలి. గీత ఎప్పుడూ రీడు పొడవునా పడాలి. అడ్డంగా పడితే ఏదో ఒకరోజు అక్కడే పగులుతుంది.

దాక్కున్న స్వరాలు

ఆకురాయి పట్టేముందు చూడాల్సిన అసలు వింత వేరే ఉంది. ఎడమవైపు లేవనుకున్న మధ్యమం, ధైవతం నిజానికి అక్కడే ఉన్నాయి. రెండో రంధ్రంలో పీల్చేటప్పుడు నాలుకను వెనక్కి లాగి నోటి లోపలి ఖాళీని పెంచితే పంచమం జారుతుంది. ప్రతి మధ్యమం మీదుగా శుద్ధ మధ్యమం దాకా దిగుతుంది. మూడో రంధ్రంలో నిషాదం అలాగే జారి ధైవతాన్ని అందుకుంటుంది. వాయించేవాళ్లు దీన్ని ‘బెండ్’ అంటారు.

పీల్చినప్పుడు పలికేది పీల్చే రీడు ఒక్కటే అని చాలాకాలం అనుకున్నారు. అదొక్కటే అయితే అన్ని స్వరస్థానాలు కిందికి జారడం కుదరదు. ఆస్ట్రేలియాలో రాబర్ట్ జాన్‌స్టన్ 1987లో ఈ విషయాన్ని భౌతికశాస్త్రం దృష్టితో పరిశీలించాడు. 1998లో హెన్రీ బాన్సన్, ఆయన సహచరులు రీడ్ల కదలికలను కొలిచి ఇంకా స్పష్టంగా చూపించారు. బాన్సన్ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పేరొందిన గుండె శస్త్రవైద్యుడు. ఆపరేషన్ బల్ల దగ్గర ఒక జీవితం గడిపినవాడు మౌత్ ఆర్గాన్ రీడును శోధించడానికి కూర్చోవడం నాకు భలే ఇష్టమైన సంగతి.

వాళ్లు చూపించింది ఇది. ఒక్కో రంధ్రంలో రెండు రీడ్లు ఒకే గదిని పంచుకుంటాయి: ఊదితే పలికేది, పీలిస్తే పలికేది. మామూలుగా పీల్చినప్పుడు పీల్చే రీడు చీలికలోకి మూసుకుంటూ పలుకుతుంది. రెండోది దాదాపు ఊరకే ఉంటుంది. నోటి లోపలి ఖాళీ మారి అందులోని గాలి ఇంకాస్త మంద్రమైన స్వరానికి అనుకూలిస్తే పీల్చే రీడు శ్రుతి తగ్గుతుంది. అంతలో ఊదే రీడు కూడా కదలడం మొదలుపెడుతుంది. అయితే గాలి వెనక నుంచి వస్తోంది కాబట్టి అది చీలిక నుంచి బయటికి తెరుచుకుంటూ ఊగుతుంది. బాగా లోతుగా జారిన చోట పలికే స్వరంలో పెద్ద వాటా ఈ రెండో రీడుదే. అలా తెరుచుకుంటూ పలికే రీడు తన సహజ శ్రుతి కంటే కొంచెం పైనే పలుకుతుంది. అందుకే జారుడు దాని స్వరం దాకా వెళ్లకుండా ఒక స్వరస్థానం పైనే ఆగిపోతుంది.

దీన్నుంచి ఒక సులువైన నియమం వస్తుంది. ఒక రంధ్రంలోని రెండు స్వరాల మధ్య ఎన్ని స్వరస్థానాలు ఇమిడి ఉన్నాయో అన్ని జారుడు స్వరాలు దొరుకుతాయి. మూడో రంధ్రంలో ప, ని మధ్య మూడున్నాయి, మూడూ వస్తాయి. ఐదో రంధ్రంలో గ, మ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఏమీ రాదు. జారేది ఎప్పుడూ ఆ రంధ్రంలోని పై స్వరమే. ఇందాకటి తిరగబాటు ఇక్కడ పనికొస్తుంది. 1 నుంచి 6 దాకా పీల్చి జార్చాలి, 8 నుంచి 10 దాకా ఊది జార్చాలి. కుడి చివర లేదనుకున్న నిషాదం పదో రంధ్రంలో ఊది జారిస్తే పలుకుతుంది.

గ్రహభేదంతో బ్లూస్

జర్మన్ పల్లెపాటల కోసం చేసిన వాద్యం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి సంగీతకారుల చేతికి చేరాక వాళ్లు దాన్ని అడ్డంగా పట్టుకున్నారు. ఊదే స-గ-పను పక్కనపెట్టి, పీల్చే ప-ని-రి గుచ్ఛాన్ని తమ ఇల్లుగా చేసుకున్నారు. అంటే పంచమాన్ని షడ్జం చేసుకున్నారు. మన సంగీతంలో దీని పేరు గ్రహభేదం. శంకరాభరణంలో పంచమాన్ని షడ్జంగా తీసుకుంటే హరికాంభోజి పుడుతుంది. వాళ్లకు చిక్కిందీ అదే: కైశికి నిషాదమున్న వరుస. బ్లూస్‌కు ప్రాణమైన దిగిన గాంధారం, దిగిన నిషాదం అన్నీ పీల్చే రంధ్రాల్లోనే జారుతూ దొరికాయి. 1952లో లిటిల్ వాల్టర్ ‘జూక్’ రికార్డు మోగించిన తీరు ఇదే. వాద్యం తయారుచేసినవాళ్లు కలలో కూడా అనుకోని వాడకం.

ఇదే దారిలో రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ, ధైవతాన్ని చేసుకుంటే నటభైరవి, మధ్యమాన్ని చేసుకుంటే మేచకల్యాణి. మౌత్ ఆర్గాన్ వాళ్లు వీటిని ‘పొజిషన్లు’ అని లెక్కపెట్టుకుంటారు. వీణ విద్యార్థికి ఇందులో కొత్తేమీ లేదు. తేడా ఒక్కటే: ఇక్కడ ఒక్కో పొజిషన్‌లో ఏ స్వరం ఏ స్థాయిలో లేదో, ఏది జార్చి తెచ్చుకోవాలో విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి.

ఒక్క రీడు మారిస్తే

జార్చి తెచ్చుకున్న స్వరం నేరుగా పలికిన స్వరంలా ఉండదు. దాని గొంతు వేరు. నిదానమైన బ్లూస్‌లో అది అందం. గబగబా పరిగెత్తే బాణీలో ప్రతిసారీ ధైవతాన్ని సరైన ఎత్తుకు జార్చి నిలబెట్టడం కష్టం, శ్రుతి తప్పితే వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడే ఆకురాయి అక్కర పడుతుంది.

న్యూజిలాండ్ వాద్యకారుడు బ్రెండన్ పవర్ ఐరిష్ బాణీల కోసం చేసిన మార్పు మహా పొదుపైనది. పంచమం రెండో రంధ్రంలో పీలిస్తే ఉంది, మూడో రంధ్రంలో ఊదినా ఉంది. ఒకే స్వరం రెండుచోట్ల ఎందుకు? మూడో రంధ్రంలో ఊదే రీడును రెండు స్వరస్థానాలు పెంచి ధైవతం చేశాడు. దీన్ని ‘ప్యాడీ రిక్టర్’ అంటారు. ఒక్క రీడు మారితే ఎడమవైపు హంసధ్వని పక్కన మోహనం కూడా నిండుగా వచ్చేసింది: స రి గ ప ధ స, జారుడు లేకుండా.

ఖర్చు కూడా ఉంది. మొదటి మూడు రంధ్రాల్లో కలిపి ఊదితే ఇదివరకు స-గ-ప మోగేది. ఇప్పుడు స-గ-ధ మోగుతుంది, పాట స్థిమితపడే ఆ నిండుదనం పోతుంది. మూడో రంధ్రంలో రెండు రీడ్ల మధ్య దూరం తగ్గింది కాబట్టి మూడు జారుడు స్వరాల్లో ఒక్కటే మిగులుతుంది. బ్లూస్ వాయించేవాడికి ఆ రంధ్రం గనిలాంటిది. అతను ఈ మార్పు ఒప్పుకోడు.

నాష్‌విల్‌లో చార్లీ మెక్‌కాయ్ ప్రచారంలోకి తెచ్చిన ‘కంట్రీ ట్యూనింగ్’లో మారేదీ ఒక్క రీడే: ఐదో రంధ్రంలో పీల్చే మధ్యమం ఒక స్వరస్థానం పెరిగి ప్రతి మధ్యమం అవుతుంది. పంచమాన్ని షడ్జంగా పెట్టుకుని వాయిస్తే హరికాంభోజిలోని కైశికి నిషాదం కాకలి నిషాదమై, నడిమి స్థాయి శంకరాభరణంలోకి మారుతుంది. జారుడూ దొరుకుతుంది, కంట్రీ పాటల వెలుగూ దొరుకుతుంది.

ఈ రెండు ఆలోచనలనూ కలిపి వ్యాపారం చేసినవాడు లీ ఆస్కర్. కోపెన్‌హాగెన్‌లో పుట్టి, అమెరికాలో ‘వార్’ బృందంలో వాయించి, 1983లో తన పేరిట సంస్థ పెట్టాడు. వాద్యాలు జపాన్‌లో టోంబో సంస్థ చేసిపెడుతుంది. అతని ‘మెలడీ మేకర్’లో మూడు రీడ్లు పెరుగుతాయి: మూడో రంధ్రంలో ఊదేది, ఐదు, తొమ్మిది రంధ్రాల్లో పీల్చేవి. రెండో రంధ్రం పీల్పును షడ్జంగా తీసుకుంటే ఒక్క స్వరం కూడా జార్చకుండా రెండు స్థాయిల శంకరాభరణం వరుసగా వస్తుంది. పైగా స, మ, ప మూడింటి మీదా స్వరగుచ్ఛాలు దొరుకుతాయి. సినిమా పాటల బాణీలు వాయించాలనుకునేవారికి నేనైతే మామూలు రిక్టర్ కంటే ముందు దీన్నే చేతికిస్తాను. గురువులు నన్ను తిట్టుకోవచ్చు. బ్లూస్ కావాలంటే మాత్రం ఇది దండగ.

ఇంకో రెండు అమరికల గురించి క్లుప్తంగా. ‘నేచురల్ మైనర్’లో గాంధారాలు, 3, 7 రంధ్రాల నిషాదాలు ఒక మెట్టు దిగుతాయి. ఊదే షడ్జం నుంచి చూస్తే ఖరహరప్రియ, పీల్చే పంచమం నుంచి చూస్తే నటభైరవి. ‘హార్మోనిక్ మైనర్’లో గాంధారాలు, ధైవతాలు దిగుతాయి. షడ్జం నుంచి కీరవాణి. దీని సంగతి చివర్లో మళ్లీ చూద్దాం.

పెట్టె 2: అన్ని అమరికల కింద ఇంకో అమరిక

> రీడును ‘మధ్యమం’ చేయడమంటే సరిగ్గా ఎంత ఎత్తుకు? దీనికి రెండు జవాబులున్నాయి.
>
> బాగా శ్రుతి పట్టిన తంబురాలో మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుందని మన విద్వాంసులు చెబుతారు. ఆ గాంధారం షడ్జంతో 5కు 4 నిష్పత్తిలో ఉంటుంది. కీబోర్డులోని గాంధారం దానికంటే కొంచెం ఎక్కువ, ఎందుకంటే అక్కడ పన్నెండు స్వరస్థానాలనూ సమాన దూరాల్లో పంచారు. ఒక్కో స్వరంగా వింటే ఆ తేడా చాలామందికి తెలియదు. షడ్జంతో కలిపి మోగిస్తే మాత్రం తెలుస్తుంది. ‘సి’ మౌత్ ఆర్గాన్ మొదటి రెండు రంధ్రాలు కలిపి ఊదితే, సమానంగా పంచిన గాంధారం వల్ల సెకనుకు పదిసార్లకు పైగా ఒక గరుకు వణుకు పుడుతుంది. తంబురా గాంధారమైతే వణుకు ఉండదు, నునుపుగా కలిసిపోతుంది.
>
> హోనర్ వారి మెరైన్ బ్యాండ్‌ను 1980ల వరకు ఈ నునుపు పద్ధతిలోనే శ్రుతి చేసేవారు. పీల్చే గుచ్ఛంలో ప, ని, రి, మ నాలుగూ 4, 5, 6, 7 నిష్పత్తుల్లో ఉండేవి. అందువల్ల ఐదో రంధ్రం మధ్యమం సెకనుకు 698 కంపనాల బదులు 686 దగ్గరే ఉండేది. గుచ్ఛంలో అది తియ్యగా ఉంటుంది. అదే స్వరాన్ని పాటలో విడిగా నిలబెడితే దిగజారినట్టు వినిపిస్తుంది. తర్వాత రెంటికీ మధ్యన రాజీ కుదిర్చారు. లీ ఆస్కర్ వాద్యాలు కీబోర్డు పద్ధతిలోనే వస్తాయి, పాటకు అది హాయి.
>
> స్థిరపడిన రీడు మీద స్వరం కదలకపోవడం, సమాన పంపకం, ఈ రెండూ మన దగ్గర పెద్ద గొడవకే దారితీశాయి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది. ఆ నిషేధం మూడు దశాబ్దాలకు పైగా సాగింది.

ఆకురాయి వద్దనేవాళ్లు

షికాగోకు చెందిన హోవర్డ్ లెవీ 1970 ప్రాంతంలో పట్టుకున్న కిటుకు ఈ చర్చనంతా ఒక మలుపు తిప్పింది. జార్చినప్పుడు రెండో రీడు తెరుచుకుంటూ పలుకుతుందని చూశాం కదా. ఊదుతూ నోటి ఆకారాన్ని ఒక ప్రత్యేకమైన తీరులో మారిస్తే ఊదే రీడు మూగబోయి, పీల్చే రీడు తెరుచుకుంటూ పలకడం మొదలవుతుంది, తన సహజ స్వరానికి ఒక స్వరస్థానం పైన. దీన్ని ‘ఓవర్‌బ్లో’ అంటారు. జారుడూ, ఇదీ, కుడివైపు రంధ్రాల్లో పీలుస్తూ చేసే దీని తిరుగురూపమూ కలిస్తే మామూలు రిక్టర్ మీదే పన్నెండు స్వరస్థానాలూ మూడు స్థాయిల్లో అందుతాయి. 1929లోనే ‘బ్లూస్ బర్డ్‌హెడ్’ అనే పేరుతో వాయించిన ఒక కళాకారుడి రికార్డులో ఈ స్వరం వినిపిస్తుంది. దాన్ని ఒక పద్ధతిగా మలిచింది మాత్రం లెవీనే.

ఈ బాటలో నడిచేవాళ్ల వాదన బలమైనదే. అమరిక మార్చిన ప్రతిసారీ కొత్త పటం బట్టీపట్టాలి. ఒక్క పటాన్నే లోతుగా నేర్చుకుంటే ఏ పాటైనా వాయించొచ్చు. అయితే ఓవర్‌బ్లో స్వరం పలకాలంటే రీడ్లకూ పలకకూ మధ్య ఎడం వెంట్రుకవాసిలో సర్దాలి, దాన్ని శ్రుతిలో నిలపడానికి ఏళ్ల సాధన కావాలి. అన్ని స్వరాలూ విడివిడిగా దొరికినా కొత్త స్వరగుచ్ఛాలు దొరకవు. షడ్జం మీద మైనర్ గుచ్ఛం కావాలంటే రీడు మార్చాల్సిందే.

మాయామాళవగౌళ మౌత్ ఆర్గాన్

మన పిల్లలు సరళీ వరుసలు నేర్చుకునేది మాయామాళవగౌళలో. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఉన్న ఈ రాగం ఏ దుకాణంలోని మామూలు మౌత్ ఆర్గాన్‌లోనూ లేదు. గ్రహభేదంతో శంకరాభరణం నుంచి రాదు. మరి రీడ్లు మార్చి తెచ్చుకోగలమా?

నేరు దారి ఒకటుంది. మామూలు రిక్టర్‌లో 1, 4, 8 రంధ్రాల్లో పీల్చే రిషభాలనూ 6, 10 రంధ్రాల్లో పీల్చే ధైవతాలనూ ఒక్కో స్వరస్థానం దించాలి. మొత్తం ఐదు రీడ్లు. 4 నుంచి 7 రంధ్రాల మధ్య నిండు మాయామాళవగౌళ హాయిగా దొరుకుతుంది. ఊదే స-గ-ప గుచ్ఛం చెక్కుచెదరదు. 1, 4, 6 రంధ్రాల్లో మాత్రం రెండు రీడ్లు పక్కపక్క స్వరస్థానాలకు చేరడంతో అక్కడి జారుడు మొత్తం పోతుంది. పీల్చే గుచ్ఛం కూడా చెవికి ఇంపుగా ఉండదు. శుద్ధ రిషభం పంచమంతో, నిషాదంతో కలిసి మోగడం భరించడం కష్టం. దించడమన్నది రీడు మొదట్లో గీరే పని కాబట్టి అపాయమూ ఎక్కువే.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది. దుకాణంలో దొరికే హార్మోనిక్ మైనర్ తీసుకోండి, అంటే కీరవాణి. దాని పంచమాన్ని షడ్జంగా పెట్టుకుంటే గ్రహభేదంలో వకుళాభరణం వస్తుంది. వకుళాభరణానికీ మాయామాళవగౌళకూ ఉన్న తేడా ఒక్క నిషాదమే: అక్కడ కైశికి, ఇక్కడ కాకలి. ఆ నిషాదం పలికే రీడ్లు రెండే, 5, 9 రంధ్రాల్లో పీల్చేవి. వాటిని ఒక మెట్టు పెంచితే చాలు. పెంచడమంటే కొసన గీరడం, రీడుకు పెద్దగా హాని లేని పని. చార్లీ మెక్‌కాయ్ కిటుకునే కీరవాణి మీద ప్రయోగించినట్టు.

దీని ఖర్చు వేరే చోట ఉంది. నిండు స్థాయి వచ్చేది 6 నుంచి 9 రంధ్రాల మధ్య, కాస్త కీచుమనే ఎత్తులో. ‘సి’ బదులు కింది శ్రుతి వాద్యంతో మొదలుపెడితే ఆ బాధ తగ్గుతుంది. కింది స్థాయిలో రిషభం మూడో రంధ్రంలో పీల్చి అట్టడుగు దాకా జారిస్తేనే వస్తుంది, చెయ్యి తిరిగినవాళ్లకే అది సాధ్యం. ఆకురాయి అంటే భయముంటే ఇంకో మార్గముంది. జర్మనీలో క్లింగెంతాల్‌లో 1847 నుంచి ఉన్న సైడెల్ సంస్థ కొనేవారు కోరిన అమరికలో రీడ్లు పెట్టి ఇస్తుంది.

రెండు రీడ్లు గీరి, రెండు రోజులాగి, యాప్‌లో సరిచూసుకున్నాక వాయించే వరుస ఇదీ: 6లో ఊదితే స, పీలిస్తే రి. 7లో ముందు పీలిస్తే గ, తర్వాత ఊదితే మ. 8లో పీలిస్తే ప, ఊదితే ధ. 9లో పీలిస్తే ని, ఊదితే పై స. రి నుంచి గకు వెళ్లేటప్పుడు ఊపిరి తిప్పకుండా వరుసగా రెండుసార్లు పీల్చాలి.